మగ్గానికొకటి, మనిషికొకటి

ముప్పై దాటకముందే రిటైరయ్యానంటే మా ఇంట్లోనే ఎవరూ నమ్మరు. ఉద్యోగం నుంచి కాదు, బ్యాగు నుంచి. స్క్రూడ్రైవర్లు, కేబుల్ టెస్టరు, అదనంగా ఒక జత చెప్పులు పెట్టుకుని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మధ్య ప్యాసింజరు రైళ్ళలో తిరిగిన బ్యాగు అది. చెప్పులెందుకంటే, ధర్మవరం పట్టు అంగళ్ళలో చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. తిరిగి వచ్చేసరికి అక్కడ చెప్పులు ఉంటాయి, కానీ అవి మనవే అయి ఉంటాయన్న హామీ లేదు.

ఇప్పుడా బ్యాగు కొత్తగా చేరినవాళ్ళు మోస్తున్నారు. నేను హిందూపురం ఆఫీసులో కుర్చీలో కూర్చుని వాళ్ళకు ఫోన్లో దారి చెబుతున్నాను. వాళ్ళు అడిగే ప్రశ్నల్లో సగం కేబుళ్ళ గురించి, మిగతా సగం పాస్‌వర్డు మర్చిపోయినవాళ్ళ గురించి. లైసెన్సుల గురించి మాత్రం ఒక్కరూ అడగరు. అది కూడికే కదా అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని ఒకరోజు ధర్మవరం రైలెక్కాను. ఇది ఆ కూడిక సంగతి.

ముందు అసలు విషయం చెప్పేస్తాను. సర్వరు కొనుక్కుంటే సరిపోదు. దానిలోకి వచ్చి పని చేసుకునేవాళ్ళకు ప్రవేశ లైసెన్సులు విడిగా కొనాలి. అవి రెండు రకాలు. మొదటిది మనిషికి ఇచ్చేది: ఆ మనిషి ఏ కంప్యూటరు నుంచి వచ్చినా, ఏ ఫోను నుంచి వచ్చినా ఒకటి చాలు. రెండోది యంత్రానికి ఇచ్చేది: ఆ కంప్యూటరు ముందు ఎంతమంది మారి మారి కూర్చున్నా ఒకటి చాలు. ఇంతకుమించి ఇందులో సాంకేతిక విషయం లేదు. ఇక భయపడకుండా చదవండి.

మాకు పని ఇచ్చింది ధర్మవరంలో ఒక పట్టు చీరల షావుకారు. అసలు అంగడి ధర్మవరంలో. హిందూపురంలో ఒక షోరూము. పెనుకొండలో ఒక చిన్న ఆఫీసు, అక్కడ చీరలకు ఫోటోలు తీసి, వివరాలు ఎక్కించి, ఫోన్లో వచ్చే ఆర్డర్లు చూస్తారు. మూడు ఊళ్ళకూ కలిపి సర్వరు ఒకటే, ధర్మవరం అంగట్లో రేశం, అంటే ముడి పట్టు, దాచే గదిలో. పాత సర్వరు చచ్చిపోయింది కాబట్టే నన్ను పిలిచారు. ప్రతి శుక్రవారం దానికి బొట్టు పెట్టి వేసిన సాంబ్రాణి పొగంతా లోపలి ఫ్యానుకు పట్టి ఉంది. రిపోర్టులో నేను 'దుమ్ము' అని రాశాను.

కొత్త సర్వరుతో పాటు లైసెన్సులు కూడా కొనాలని చెప్పగానే షావుకారు చేతిలో ఉన్న చీరను పక్కన పెట్టారు.

"ఏమప్పా ఇంజినీరూ, సర్వరు నాది. అది పెట్టిన రూము నాది. అది తాగే కరెంటు నాది. నా మనుషులు నా అంగట్లోకి వచ్చేదానికి టికెట్టు ఏందప్పా? ఇదేమన్నా సినిమా హాలా?"

"ఒక్కసారి కొంటే చాలన్నా. మనిషికి ఒకటైనా తీసుకోవచ్చు, యంత్రానికి ఒకటైనా తీసుకోవచ్చు."

"మనిషికొకటి అంటే?"

"ఆ మనిషి ఎన్ని యంత్రాల మీద నుంచి వచ్చినా ఒకటే."

ఆయన మొహం వెలిగింది. ఎందుకు వెలిగిందో నాకు ఆ పూట అర్థం కాలేదు. కొత్తది వచ్చేదాకా పని ఆగకుండా పాత సర్వరు డిస్కు తీసి, మా ఆఫీసు నుంచి తెచ్చిన ఒక కంప్యూటరుకు తగిలించి చూశాక అర్థమైంది. అందులో ఉన్న వాడుకరి పేరు ఒక్కటే. అది షావుకారుగారి నాయనది.

తొంభైకి దగ్గర పడిన ఆ పెద్దాయన పగలంతా అంగట్లోనే, తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద, దిండుకు ఆనుకుని కళ్ళు మూసుకుని ఉండేవారు. ఆ ఇంట్లో ఏది కొన్నా ఆయన పేరు మీదే కొంటారు. కరెంటు మీటరు ఆయన పేరు మీద, గ్యాసు ఆయన పేరు మీద, చీరలు తోలే ఆటో ఆయన పేరు మీద, ఇంటిల్లిపాది ఫోన్ల సిమ్ములు ఆయన పేరు మీద. సర్వరు వచ్చిన రోజు ఎవరి పేరు పెట్టాలని పాత ఇంజినీరు అడిగితే ఎవరూ ఆలోచించనైనా ఆలోచించలేదట. మూడు ఊళ్ళలో అందరూ ఆ పేరుతోనే లోపలికి వస్తారు. పాస్‌వర్డు గోడ క్యాలెండరు మీద ఉంటుంది, కొత్త సంవత్సరం రాగానే కొత్త క్యాలెండరు మీదకు ఎక్కుతుంది.

అంటే సర్వరు లెక్క ప్రకారం ఒకానొక ఉదయం పెద్దాయన ధర్మవరంలో బిల్లు కొడుతూ, హిందూపురంలో స్టాకు చూస్తూ, పెనుకొండలో ఫోటోలు ఎక్కిస్తున్నారు. మూడు ఊళ్ళలో అంత కష్టపడుతున్న మనిషి నా ఎదురుగా పరుపు మీద సన్నగా గురక పెడుతున్నారు.

"మల్ల ఇంకేం?" అన్నారు షావుకారు. "ఒకే మనిషి. ఒక లైసెన్సు పట్టుకొచ్చెయ్. ఎన్ని యంత్రాల మీద నుంచి వచ్చినా ఒకటే అని ఇప్పుడే అంటివి గదా?"

"లైసెన్సు పేరుకు కాదన్నా, మనిషికి. ఒకే పేరుతో పదిమంది వచ్చినా పదిమంది కిందే లెక్క."

"అట్లయితే కరెంటోళ్ళు? మీటరు మా నాయన పేరు మీదే ఉండాది. లైటు కింద కూర్చున్నోళ్ళనంతా వాళ్ళు లెక్కపెడతాండారా?"

ఇంజినీరింగు నాలుగేళ్ళలో ఈ ప్రశ్నకు జవాబు ఎక్కడా చెప్పలేదు. ఆయనకే జాలి వేసింది.

"సరే పో. రెండు రకాలూ లెక్కేసుకోని రా. ఏది తక్కువైతే అది తీసుకుందాం. శ్రావణం పెండ్లిళ్ళ గిరాకీ మొదలయ్యేలోగా సర్వరు నడవల్ల."

లెక్క వేయడం నాకిష్టం. గీతలు గీసి, గళ్ళు చేసి, పైన శీర్షికలు పెట్టి, ముందు ధర్మవరం అంగడితో మొదలుపెట్టాను. బిల్లింగు దగ్గర రెండు కంప్యూటర్లు. వాటిని ఎవరెవరు వాడతారని అడిగితే ఒక్కరూ సూటిగా చెప్పలేదు. ఎవరో తనిఖీకి వచ్చారనుకున్నవాళ్ళు "నేను ముట్టుకోను సార్, ఊరికే సూస్తానంతే" అన్నారు. జీతం పెంచడానికి అనుకున్నవాళ్ళు "అంతా నేనే చేస్తాండా సార్" అన్నారు. చూసినా వాడినట్టేనని మొదటివాళ్ళకు చెప్పి, జీతంతో సంబంధం లేదని రెండోవాళ్ళకు చెప్పి, చివరికి ఐదుగురిని తేల్చాను.

తరువాత షావుకారు. ఆయన ఒక్కరే. కానీ ఆయనకు అంగట్లో ఒక కంప్యూటరు, ఒక ల్యాప్‌టాపు, రెండు ఫోన్లు, ఇంకా ఒక టాబ్లెట్టు.

"టాబ్లెట్టు చూపిస్తారా అన్నా, నంబరు రాసుకుంటాను."

"యాడో పెట్టినాను. కొన్ని నాళ్ళుగా కనపడల్యా. అయినా రాసుకో, యాడికి పోతాది."

రాసుకున్నాను. మూడు ఊళ్ళ లెక్కలూ చూసే పెద్దమనిషి ఒకాయన ఉన్నారు, అందరూ లెక్కలాయన అంటారు. ఆయన అంగట్లో దొరకరు, రైల్లో దొరుకుతారు. హిందూపురానికి తిరిగి వచ్చేటప్పుడు దొరికారు. ఒడిలో సొంత ల్యాప్‌టాపు, చేతిలో ఫోను, నోట్లో వక్కాకు. సిగ్నలు ఉన్నచోట ఫోను, లేనిచోట ల్యాప్‌టాపు.

"నన్ను కూడా లెక్కపెడతావా?" అన్నారాయన. "ఇన్నేండ్లూ అందరినీ లెక్కపెట్టింది నేనే. నన్నెవరూ లెక్కపెట్టల్యా. రాసుకోప్పా, రాసుకో."

హిందూపురం షోరూములో కంప్యూటరు ఒకటి, దాని ముందు మారి మారి కూర్చునే సేల్స్ వాళ్ళు ముగ్గురు.

చివరికి పెనుకొండ. బస్టాండుకు దగ్గరలో ఒక మిద్దె మీద గది. కంప్యూటరు ఒకటి, కుర్చీ ఒకటి, మనుషులు నలుగురు. నలుగురూ ఆడవాళ్ళే, నలుగురూ సోమందేపల్లి వైపు నేత కుటుంబాలవాళ్ళు. పొద్దున ఇద్దరు వస్తారు, మధ్యాహ్నం బస్సుకు వాళ్ళు పోయి ఇంకో ఇద్దరు వస్తారు. ఒకరు చీర విప్పి, కొంగు పరిచి, ఫోటో తీస్తారు. ఇంకొకరు కుర్చీలో కూర్చుని అంచు, రంగు, జరీ వివరాలు ఎక్కిస్తారు. కాసేపటికి మారతారు. మారేటప్పుడు మాట్లాడుకోరు. నిలబడినామె కుర్చీ వీపు మీద రెండు వేళ్ళతో తడుతుంది, కూర్చున్నామె టైపు చేస్తున్న మాట పూర్తిచేసి లేస్తుంది. నేను గళ్ళు నింపడం మానేసి ఆ మార్పిడినే చూస్తూ ఉండిపోయాను.

నలుగురిలో పెద్ద అయిన అక్క పేర్లు చెప్పింది. "రాసుకోప్పా, బాగా రాసుకో. ఓట్లప్పుడు తప్ప మా పేర్లు రాసుకునేదానికి ఎవరూ రారు."

"ఊరికేనక్కా, లైసెన్సుల కోసం."

"మాకు లైసెన్సా! స్కూటీకి కూడా లేదు ఈ పొద్దుకూ."

మిగతా ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వి, నాలుగు పేర్లూ అందమైన అక్షరాలతో రాసుకుని దిగి వచ్చాను.

కూడిక తేలింది. మనుషుల లెక్కన ధర్మవరంలో ఐదుగురు, హిందూపురంలో ముగ్గురు, పెనుకొండలో నలుగురు, షావుకారు, లెక్కలాయన: పద్నాలుగు. యంత్రాల లెక్కన ధర్మవరం బిల్లింగు దగ్గర రెండు, హిందూపురంలో ఒకటి, పెనుకొండలో ఒకటి, షావుకారువి ఐదు, లెక్కలాయనవి రెండు: పదకొండు. రెండు నిలువు వరుసలు, కింద రెండు మొత్తాలు. ఎంత చక్కగా ఉందంటే దాన్ని ఫోటో తీసి పెట్టుకున్నాను.

షావుకారు ఫోనులో అరిచారు. "పద్నాలుగా? పదకొండా? నా ఫోన్లను కూడా లెక్కపెట్టినావా? రేపు కొత్త ఫోను కొంటే?"

"యంత్రాల లెక్కయితే దానికీ కావాలన్నా."

"అది పనికిరాదు పో. నేను దీపావళికొక ఫోను మారుస్తా. మనుషుల లెక్కే పెట్టు." ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టుకోవడం ఇక్కడి నుంచే వినిపించింది. "పెనుకొండలో ఒక కంప్యూటరుకి నలుగురు ఏందికి? పొద్దన్నుంచి సాయంత్రందాకా కూర్చునే పిల్లోణ్ణి ఒకణ్ణి పెట్టుకుంటే మూడు పేర్లు తగ్గుతాయి గదా? అప్పుడు ఇదీ పదకొండే. బుధవారం వచ్చి ఆర్డరు రాసుకోని పో."

ఫోను పెట్టేశారు. నేను పద్నాలుగు కొట్టేసి పదకొండు రాశాను. రెండు మొత్తాలూ సమానమయ్యాయి. కాగితం ఇంకా చక్కగా ఉంది.

మరుసటి రోజు పెనుకొండ అక్క ఫోను చేసింది.

"ఆ పొద్దు వచ్చి పేర్లు రాసుకోని పోయింది నువ్వే గదప్పా?"

"నేనేనక్కా."

"ఎంత బాగా రాసుకున్నావప్పా! నువ్వు రాయనన్నాళ్ళూ మేం నలుగురమూ ఒకే మనిషి, పెద్దాయన. హాయిగా ఉంటిమి. నువ్వు వచ్చి మమ్మల్ని నలుగురిని చేస్తివి, ఇప్పుడు ముగ్గురు ఎక్కువైపోయినాము అంట."

"ఒకరినైనా ఉంచుతారేమో అక్కా..."

"ఒకరు ఎవరు? పొద్దంతా ఈడ కూర్చునేదానికి మాలో ఎవరికైతాది? పొద్దన నేను ఈడుంటే నా ఆడబిడ్డ మగ్గం మీద ఉంటాది. మధ్యానం ఆ పిల్ల ఈడికొస్తే నేను మగ్గం ఎక్కల్ల. మిగతా ఇద్దరిదీ అదే కథ. మగ్గానికి పని దొరకని నెల ఉంటాది సూడు, ఆ నెలంతా మా రెండిండ్లకూ అన్నం పెట్టేది ఈ కుర్చీనే. ముగ్గురిని కాదప్పా, నలుగురినీ తీసేసినట్టే." తరువాత గొంతు తగ్గించి, "నిన్ను తిట్టేదానికి చెయ్యల్యా. బుధవారంలోగా ఏమన్నా చేసేదానికి అయితాదా అని," అంది.

లైసెన్సు పత్రాన్ని మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ చదివాను. రెండు రకాలనూ ఒకే సర్వరుకు కలిపి వాడుకోవచ్చని అందులో స్పష్టంగానే ఉంది. అది నాకు తెలియక కాదు. కలపడం మా ఆఫీసులో ఆచారం కాదు. మా ఓనరుది మడకశిర. తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగిస్తారు. ఒక ఆఫీసుకు ఒక రకం, అదీ ఆయన నియమం. పోయి అడిగాను.

"బేడప్పా, బేడ," అన్నారు వద్దని చేతులు అడ్డంగా ఊపుతూ. "పత్రంలో నూరు ఉంటాయి. ఆ షావుకారుకు ఒక లెక్క చెప్పేదానికే నీకు నాలుక ఎండిపోయింది. రెండు లెక్కలు కలిపి చెబుతావా? సగం మందికి మనిషి లెక్క, సగం మందికి యంత్రం లెక్క అంటే మనం మోసం చేస్తాండామనుకుంటాడు. ఒప్పించుకోగలిగితే చేసుకో, మాడు. లేదంటే పదకొండు రాసుకోని రా."

కలిపితే ఎంత వస్తుందో అప్పటికే లెక్కవేసి ఉంచాను. ఒకే కంప్యూటరు ముందు చాలామంది కూర్చునేచోట యంత్రానికి: ధర్మవరం రెండు, హిందూపురం ఒకటి, పెనుకొండ ఒకటి, మొత్తం నాలుగు. ఒకే మనిషి చాలా యంత్రాలు పట్టుకు తిరిగేచోట మనిషికి: షావుకారు, లెక్కలాయన, ఇద్దరు. అన్నీ కలిపి ఆరు. పదకొండు ఎక్కడ, ఆరు ఎక్కడ? వినగానే షావుకారు ఎగిరి గంతేస్తారనుకున్నాను.

బుధవారం పొద్దునే ఆయన ముందు కూర్చుని ఆరు అన్నాను. ఆయన గంతేయలేదు. నన్ను కిందికీ మీదికీ చూశారు.

"మొన్న పద్నాలుగు. నిన్న పదకొండు. ఈ పొద్దు ఆరు. రేపొస్తే మూడంటావా?"

"లేదన్నా, ఇదే సరైన..."

"సూడప్పా. ముప్పై ఏండ్లుగా చీరలు అమ్ముతాండా. అడక్కుండానే రేటు దించేవాని దగ్గర నేను ఎప్పుడూ సరుకు కొనల్యా. సరుకులో ఏదో ఉంటాది. రేపు తనిఖీకి ఎవరన్నా వచ్చి పట్టుకుంటే నీ ఆరు నన్ను కాపాడుతాదా? పదకొండు రాసుకో. పెనుకొండకు ఎవరినన్నా సూసుకుంటా."

అంతలో నేతవాళ్ళు వచ్చారు. నన్ను పక్కకు జరగమన్నారు. నేను గోడ పక్కన, పెద్దాయన దిండుకు దగ్గరగా కూర్చున్నాను. పెద్దాయన కళ్ళు మూసుకునే ఉన్నారు.

మొదట వచ్చినాయన చీర విప్పి పరిచాడు. షావుకారు అంచును వేలితో నిమురుతూ, "ఏ మగ్గం?" అని అడిగారు.

"వాకిట్లో మగ్గం అన్నా."

"మంచిగా వచ్చింది. బుటా బాగా కుదిరింది. ఎవరు కూర్చున్నారు?"

"ఎవరని చెప్పేదన్నా, సగం నేను, సగం మా కోడలు. కొంగు దగ్గర మా ఇంటామె."

"సరే," అని షావుకారు కూలీ రాయించారు. రాసింది మగ్గానికి. ముగ్గురు కూర్చున్నా చీర ఒకటే, మగ్గం ఒకటే, కూలీ ఒకటే. ఆ మాటలో ఆయనకేమీ వింత కనిపించలేదు.

తరువాత వచ్చింది ఒక సన్నపాటి ముసలాయన. మగ్గం మీద పాత వార్పు, అంటే పడుగు, అయిపోవస్తే కొత్త వార్పు పోగులను పాత కొసలకు ఒక్కొక్కటే అతికే పని ఆయనది. ఆయనకు సొంత మగ్గం లేదు. ఈ ఇంటికీ ఆ ఇంటికీ పిలిచినచోటికల్లా పోతాడు.

"ఈ వారం యాడాడ తిరిగినావు?" అన్నారు షావుకారు.

"పైవీధిలో నాలుగిండ్లు, ఆ పక్కన రెండిండ్లు."

"సరే, నీ పేరు మీద రాయిస్తా పో."

ఏ మగ్గమని అడగలేదు. మనిషి పేరు మీద రాశారు.

నేను లేచి నిలబడ్డాను. నిలబడి మాట్లాడాల్సిన అవసరం లేదు, కానీ కూర్చోలేకపోయాను.

"అన్నా, మీరు మగ్గానికి లెక్క రాస్తారా, మనిషికి రాస్తారా?"

"అదేం ప్రశ్న? నేసేవాళ్ళకు మగ్గానికి. అతికేవానికి మనిషికి."

"రెండూ ఎందుకు కలిపినారు? ఒకటే పద్ధతి పెట్టుకోవచ్చు కదా?"

"పిచ్చి గాని పట్టిందా? మగ్గం మీద ఇంటిల్లిపాదీ కూర్చుంటారు. ఎందరని లెక్కపెట్టేది? అతికేవాడు ఒకడే, నూరు మగ్గాలకు పోతాడు. ఎన్నని లెక్క..." అని ఆగిపోయారు. నోరు తెరిచే ఉంది.

"పెనుకొండలో కంప్యూటరు ఒక మగ్గం అన్నా," అన్నాను. "నలుగురు మారి మారి కూర్చుంటారు. హిందూపురంలో ఒక మగ్గం. మీ బిల్లింగు దగ్గర రెండు మగ్గాలు. మీరు, లెక్కలాయన, మీరిద్దరూ అతికేవాళ్ళు. యాడికి పోయినా, ఏ ఫోను పట్టుకున్నా మీరొకరే, ఆయనొకరే."

లెక్కలాయన ఆ రోజు అంగట్లోనే ఉన్నారు. తలెత్తి, "నేను అతికేవాణ్ణా?" అన్నారు నొచ్చుకుంటూ.

"మల్ల ఏంది నువ్వు? ఆ లెక్క తెచ్చి ఈ లెక్కకు అతికించేదే గదా నీ పని?" అని షావుకారు నవ్వారు. అంగడంతా నవ్వింది. కానీ నవ్వు ఆగాక ఆయన చెవి గోక్కున్నారు. "అర్థమైతే అయిందిగాని... పదకొండు ఉన్నట్టుండి ఆరు అయ్యేది చూస్తే నాకు ఎట్లనో ఉండాదప్పా."

అప్పుడు నా పక్కన దిండు కదిలింది.

"ఏమిరా," అన్నారు పెద్దాయన కళ్ళు మూసుకునే. "నా పేరు మీద ఇంతమంది పని చేసుకుంటిరి. ఆ ఆరులో నేను యాడుండా?"

"నువ్వు యాడ వాడతావు నాయనా కంప్యూటరు? గమ్మున పండుకో."

పెద్దాయన దిండు కింద చెయ్యి పెట్టి, నిదానంగా, బీడీ కట్ట తీసినంత తేలిగ్గా, టాబ్లెట్టు తీశారు.

పెద్దాయన వేలితో తెరను పక్కకు తోశారు. పెనుకొండలో ఆ పొద్దు తీసిన చీరల ఫోటోలు వరుసగా వచ్చాయి. ఒకదాన్ని రెండు వేళ్ళతో పెద్దది చేసి జరీ చూపించారు. "అంగట్లో అందరూ అన్నం తినేదానికి పోయినప్పుడు సూస్తా. కొన్నాళ్ళుగా సూస్తాండా. పాస్‌వర్డు క్యాలెండరు మీదుండాది గదా. నా పేరే గదా."

మూడు ఊళ్ళ సందడిలో అసలు పెద్దాయన రావడం పోవడం ఎవరికి తెలుస్తుంది? సర్వరుకు ఆయన కూడా పెద్దాయనే, మిగతా అందరిలాగే.

షావుకారు నా వైపు తిరిగారు. "టాబ్లెట్టు నాది. నా లెక్కలోనే వస్తాది గదప్పా? నేను అతికేవాణ్ణి గదా?"

ఔనని చెబితే ఆరుతో పని అయిపోతుంది. కానీ లైసెన్సు ఆయనకు, ఆయన యంత్రాలను ఇంకొకరు వాడితే ఆ ఇంకొకరికి కాదు. నా వల్ల కాలేదు.

"కాదన్నా. మీరు వాడితే మీ లెక్కలో వస్తుంది. తాత వాడితే తాతకు వేరే కావాలి. ఏడు."

నాలుక కరుచుకున్నాను. ఇప్పుడు ఖచ్చితంగా పదకొండుకే పోతారనుకున్నాను. షావుకారు తొడ మీద చరుచుకున్నారు.

"పెంచినావు సూడు! ఇప్పుడు నమ్ముతా. బేరం కుదిరేటప్పుడు ఒకటి పెంచేవాడు మోసగాడు కాదు, వానికి అంత తెలివి ఉండదు. ఏడు రాసుకో. మగ్గాలు నాలుగు, మనుషులు ముగ్గురు."

"మరి పెనుకొండ అన్నా?"

"మగ్గం మీద ఎందరు కూర్చుంటే నాకేందప్పా?"

ఆ మాట వినగానే రైలు దాకా ఆగలేక అంగడి మెట్ల మీద నుంచే పెనుకొండకు ఫోను చేశాను. అక్క వెనక్కి తిరిగి "మగ్గమంట, మనది మగ్గమంట!" అని మిగతావాళ్ళకు చెప్పడం వినిపించింది. మెట్లు దిగి చూస్తే నా చెప్పులు లేవు. బ్యాగులోని జత తీసి వేసుకున్నాను.

కొత్త సర్వరు పెట్టాక ప్రతి ఒక్కరికీ సొంత పేరు, సొంత పాస్‌వర్డు ఇచ్చాను. మా ఓనరు ఇప్పుడు కొత్తవాళ్ళకు పాఠం చెప్పేటప్పుడు 'మగ్గమా, అతికేవాడా?' అని అడుగుతారు. అది తన పద్ధతే అన్నట్టు అడుగుతారు. మీరు మాత్రం ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. పేర్లు రాసుకునేముందు ఆ పేర్లవాళ్ళ కుర్చీ ఎలా చేతులు మారుతుందో కాసేపు నిలబడి చూడండి. గళ్ళు తరువాతైనా గీసుకోవచ్చు.

శ్రావణం అయిపోయాక ఒకరోజు పెనుకొండ అక్క మళ్ళీ ఫోను చేసింది. గొంతు విని సర్వరు మళ్ళీ పోయిందేమో అనుకున్నాను.

"ఏమప్పా, మా పని నిలబెట్టినావు, కాదనము. పెద్దాయనకు సొంత పేరు ఏందికి ఇప్పించినావు?"

"ఏమైందక్కా?"

"ఇన్నాళ్ళూ ఆయప్ప ఏం సూసినా ఎవరు సూసింది తెలిసేది కాదు. గమ్మునుండేవాడు. ఇప్పుడు తన పేరు తనకొచ్చేసరికి మధ్యానమైతే ఫోను. ఈ కొంగు మడత సరిగ్గా పడల్యా, మల్లా తియ్యి. ఆ ఎరుపు ఎరుపు మాదిరి ల్యా, కిటికీ కాడ పెట్టి తియ్యి. నిన్న ఒకే చీరకు మూడుసార్లు ఫోటో తీయించినాడు. ఆ లైసెన్సు వెనక్కి తీసుకునేదానికి ఏమన్నా దారుండాదా?"

"మనిషికి ఇచ్చింది వెనక్కి తీసుకోవడానికి లేదక్కా."

"అయితే మగ్గానికి ఇచ్చింటే సరిపోయేది," అంది. అవతల నవ్వులు వినిపించాయి. అంతలో కుర్చీ వీపు మీద రెండు వేళ్ళు తట్టిన చప్పుడు. "ఉండప్పా, మల్ల చేస్తా. లేవల్ల," అని అక్క ఫోను పెట్టేసింది.